ఎయిర్ ఫ్రైయర్‌లో డోనట్ ఉండలు: కొలతలు, పద్ధతి, జాగ్రత్తలు

మన ఇళ్లలో వంటగది గట్టు మీద ఈ మధ్య చేరిన కొత్త యంత్రం ఎయిర్ ఫ్రైయర్. కొందరికి పిల్లలు కొనిపెట్టారు, కొందరికి గృహప్రవేశంలో కానుకగా వచ్చింది. నాలుగు రోజులు బంగాళాదుంప ముక్కలు వేయించి, తరువాత దాని మీద గుడ్డ కప్పి పక్కన పెట్టిన ఇళ్లూ ఉన్నాయి. మరోవైపు మనవలు డోనట్లు కావాలని అడుగుతుంటారు. పెద్దలకేమో నూనె తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటాడు. ఈ రెండింటికీ మధ్య, ఇంట్లోనే చేసుకోదగ్గ వంటకం చిన్న డోనట్ ఉండలు. పిల్లలు వీటిని డోనట్ బైట్స్ అంటారు. మనకు ఉండలు అనే మాట ఉండగా వేరే మాట ఎందుకని, ఈ వ్యాసంలో ఉండలనే రాస్తున్నాం.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలనూ, యానాం వారినీ దృష్టిలో పెట్టుకుని కొలతలు, సమయాలు, జాగ్రత్తలు ఒకచోట చేర్చాం. కత్తిరించి వంటగదిలో అంటించుకోవడానికి వీలుగా విడివిడి భాగాలుగా ఇస్తున్నాం. ముందుగా ఒక్క మాట. ఈ యంత్రంలో చేసిన తీపి నూనె తగ్గిన తీపి మాత్రమే, చక్కెర తగ్గిన తీపి కాదు. ఈ తేడా తెలిసి తింటే ఇంటిల్లిపాదికీ మంచిది.

యంత్రం చేసే పని ఏమిటి?

పేరులో ఫ్రై అని ఉన్నా ఇది వేయించదు, కాలుస్తుంది. పైభాగంలో వేడెక్కే తీగ, దాని మీద ఒక ఫ్యాను ఉంటాయి. ఆ ఫ్యాను వేడిగాలిని బుట్ట చుట్టూ వేగంగా తిప్పుతుంది. ఆ గాలి పిండి పైన ఉన్న తడిని త్వరగా లాగేసి, పైపొరను ఎర్రగా చేస్తుంది. అంటే ఇది ఒక చిన్న ఓవెన్. నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ సంస్థ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఎయిర్‌ఫ్రైయర్ అనే పేరుతో దీన్ని చూపాక ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

మూకుడులో జరిగేది వేరు. కాగిన నూనెలో పిండి వేయగానే అన్ని వైపుల నుంచీ ఒకేసారి వేడి తగులుతుంది. జారుడు పిండి కూడా వెంటనే గట్టిపడి రూపు నిలుపుకుంటుంది. వేడిగాలికి ఆ శక్తి లేదు. కాబట్టి ఎయిర్ ఫ్రైయర్‌లోకి వెళ్లే పిండి చేత్తో ఉండ కట్టగలిగేంత గట్టిగా ఉండాలి. పైన కొంచెం నెయ్యో నూనెో రాయాలి. రాయకపోతే ఉండ పాలిపోయి, ఎండిన రొట్టెలా ఉంటుంది. ఈ రెండు సూత్రాలు గుర్తుంటే మిగతాదంతా సులువే.

డోనట్ ఎక్కడిది?

అమెరికాలో స్థిరపడిన డచ్చి వారు తీపి పిండి ఉండలను కొవ్వులో వేయించుకునేవారు. వాటిని ఓలీకుక్ అనేవారు, అంటే నూనె రొట్టె. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ న్యూయార్క్ గురించి రాసిన పుస్తకంలో ఈ ఉండల ప్రస్తావన, డోనట్ అనే పేరు కనిపిస్తాయి. నడుమ చిల్లు పెట్టడం తరువాత వచ్చిన అలవాటు. పెద్ద ముద్ద పైన మాడుతున్నా లోపల పచ్చిగా ఉండిపోతుంది, చిల్లు పెడితే నడుమ కూడా ఉడుకుతుంది. మన గారెకు చిల్లు పెట్టేది కూడా ఇందుకే. ముద్దనే చిన్నది చేస్తే చిల్లుతో పని లేదు. కెనడాలో టిమ్ హార్టన్స్ అనే అంగళ్ల సంస్థ 1976 నుంచి ఇటువంటి చిన్న ఉండలను టిమ్‌బిట్స్ పేరుతో అమ్ముతోంది. మనం చేసుకోబోయేవీ ఆ కోవలోవే.

కావలసినవి (సుమారు 20 ఉండలకు)

ఇది గుడ్డు, ఈస్టు లేని పద్ధతి. పండుగ రోజుల్లోనూ, గుడ్డు తినని ఇళ్లలోనూ ఇబ్బంది లేదు.

మైదా: 200 గ్రాములు (సుమారు ఒకటిన్నర కప్పులు, కప్పు అంటే 240 మిల్లీలీటర్లది)
బేకింగ్ పౌడర్: రెండున్నర చిన్న చెంచాలు
ఉప్పు: పావు చిన్న చెంచా
పిండిలోకి చక్కెర పొడి: 2 పెద్ద చెంచాలు (25 గ్రాములు)
నీరు వార్చిన గట్టి పెరుగు: 180 గ్రాములు
యాలకుల పొడి: అర చిన్న చెంచా
పైన రాయడానికి కరిగించిన నెయ్యి లేదా వెన్న: 2 పెద్ద చెంచాలు
పైన అద్దడానికి చక్కెర పొడి: 3 పెద్ద చెంచాలు, అందులో అర చిన్న చెంచా దాల్చినచెక్క పొడి

పెరుగు విషయంలో శ్రద్ధ అవసరం. విదేశీ పద్ధతుల్లో గ్రీక్ యోగర్ట్ అని ఉంటుంది. అది నీరు తీసేసిన పెరుగు. మన ఇంటి పెరుగులో నీరు ఎక్కువ కాబట్టి అలాగే పోస్తే పిండి జారిపోతుంది. సుమారు 400 గ్రాముల పెరుగును పలుచని నూలుగుడ్డలో మూటకట్టి, కుళాయికో మేకుకో వేలాడదీసి, కింద గిన్నె పెట్టండి. గంటన్నర, రెండు గంటల్లో మనకు కావలసిన గట్టి పెరుగు వస్తుంది. కింద చేరిన నీటిని పారబోయకుండా చపాతీ పిండి కలపడానికి వాడుకోండి. మరీ పులిసిన పెరుగు వద్దు, ఉండలకు పులుపు వస్తుంది.

అంగడిలో ఏమని అడగాలి?

కొత్త కోడళ్లకు, హాస్టలు నుంచి వచ్చిన పిల్లలకు ఇంట్లో పేరు ఒకటి, అంగడిలో పేరు మరొకటి కావడం మనకు కొత్త కాదు. యానాంలో ఈ చిక్కు లేదు. తక్కిన నాలుగు రాష్ట్రాల వారి కోసం ఈ జాబితా.

పెరుగు: కన్నడంలో మొసరు, తమిళంలో తయిర్, మరాఠీలో దహీ, ఒడియాలో దహి.
నెయ్యి: కన్నడంలో తుప్ప, తమిళంలో నెయ్, మరాఠీలో తూప్, ఒడియాలో ఘిఅ.
యాలకులు: కన్నడంలో ఏలక్కి, తమిళంలో ఏలక్కాయ్, మరాఠీలో వేలచీ, ఒడియాలో గుజురాతి.
దాల్చినచెక్క: కన్నడంలో చక్కె, తమిళంలో పట్టై, మరాఠీలో దాలచినీ, ఒడియాలో డాలచిని.
వంట సోడా: కన్నడంలో అడుగె సోడా, తమిళంలో ఆప్ప సోడా, మరాఠీలో ఖాణ్యాచా సోడా, ఒడియాలో ఖాయిబా సోడా.
బెల్లం: కన్నడంలో బెల్ల, తమిళంలో వెల్లం, మరాఠీలో గూళ్, ఒడియాలో గుడ.

మైదా, బేకింగ్ పౌడర్ అన్న మాటలు ఎక్కడైనా చెల్లుతాయి. అయితే వంట సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కావు. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పులుపు గుణం ఉన్న పొడి, కొంత పిండి కలిసి ఉంటాయి. సోడా దానికి మూడు నాలుగు రెట్లు బలమైనది. రెండున్నర చెంచాల బేకింగ్ పౌడర్ బదులు రెండున్నర చెంచాల సోడా వేస్తే ఉండలు సబ్బులా చేదెక్కి నోట పెట్టలేం. ఇంట్లో సోడా ఒక్కటే ఉంటే 200 గ్రాముల మైదాకు అర చిన్న చెంచా చాలు, పెరుగులోని పులుపు దానికి తోడవుతుంది. బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి చాలా నెలలైతే, ఒక చెంచా పొడిని వేడినీళ్లలో వేసి చూడండి. గట్టిగా నురగ పొంగితే పనికొస్తుంది, లేకపోతే కొత్తది తెచ్చుకోవాలి.

చేసే విధానం

మొదటిది. మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు, చక్కెర పొడి, యాలకుల పొడి కలిపి జల్లించండి. జల్లిస్తే బేకింగ్ పౌడర్ గడ్డలు మిగలవు.

రెండవది. గట్టి పెరుగు వేసి ముందు చెంచాతో, తరువాత చేత్తో కలపండి. మొదట పొడిపొడిగా ఉంటుంది, తొందరపడి నీళ్లు పోయవద్దు. రెండు నిమిషాల్లో ముద్ద అవుతుంది. అప్పటికీ కలవకపోతే ఒక్కొక్క చెంచా చొప్పున పాలు చేర్చండి. పూరీ పిండిలా గట్టిగా పిసకకూడదు. పిసికినకొద్దీ సాగుడు పెరిగి ఉండలు బిరుసవుతాయి. ముద్ద చేతికి కొంచెం అంటీ అంటనట్టు ఉంటే సరైన పాకం.

మూడవది. మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి, అంతకు మించి వద్దు. పెరుగు తగలగానే బేకింగ్ పౌడర్ పని మొదలుపెడుతుంది. గంటలకొద్దీ నానబెడితే పొంగు అంతా ముందే అయిపోతుంది.

నాలుగవది. అరచేతికి నెయ్యి రాసుకుని పెద్ద ఉసిరికాయంత, అంటే 20 గ్రాముల ఉండలు చేయండి. పగుళ్లు లేకుండా నున్నగా చుట్టాలి. పగులు ఉన్నచోట ఉండ విచ్చుకుంటుంది. అన్నీ ఒకే సైజులో ఉండాలి. లేకపోతే చిన్నవి మాడి, పెద్దవి పచ్చిగా మిగులుతాయి.

అయిదవది. యంత్రాన్ని 170 డిగ్రీల సెల్సియస్ మీద ఖాళీగా మూడు నిమిషాలు వేడిచేయండి. బుట్టకు కొద్దిగా నెయ్యి రాసి, ఉండలకు కూడా పైన పలుచగా రాసి, ఉండకూ ఉండకూ మధ్య వేలు పట్టేంత ఖాళీ వదిలి పేర్చండి. నాలుగు లీటర్ల బుట్టలో తొమ్మిది, పది పడతాయి. ఒకదాని మీద ఒకటి వేయవద్దు. గాలి తిరగని చోట పిండి ఉడకదు.

ఆరవది. 170 డిగ్రీల మీద అయిదు నిమిషాలు ఉంచి, తీసి, ఉండలను తిప్పి, మళ్లీ నాలుగైదు నిమిషాలు ఉంచండి. లేత బంగారు రంగు రాగానే తీయాలి. నల్లబడేదాకా ఉంచడం రుచికీ ఒంటికీ మంచిది కాదు. మొదటి వాయిలో ఒక ఉండను విరిచి చూడండి. లోపల తడి ముద్ద కనిపిస్తే రెండు నిమిషాలు పెంచండి. ఒక్కో యంత్రం వేడి ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి మీ యంత్రానికి పట్టిన సమయాన్ని రాసి పెట్టుకోండి.

ఏడవది. వేడివేడిగా ఉండగానే మిగిలిన నెయ్యి రాసి, చక్కెర, దాల్చినచెక్క పొడిలో దొర్లించండి. చల్లారాక దొర్లిస్తే చక్కెర అంటదు. రాయడానికి బ్రష్ లేకపోతే చెంచా వెనుకవైపు వాడవచ్చు.

ఈస్టుతో చేసే పద్ధతి

బేకరీ డోనట్‌లా లోపల దూదిలా కావాలంటే ఈస్టు కావాలి, ఓపిక కూడా కావాలి. మైదా 250 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు ఒక చిన్న చెంచా, చక్కెర 2 పెద్ద చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా, మెత్తని వెన్న 30 గ్రాములు, గోరువెచ్చని పాలు 150 మిల్లీలీటర్లు తీసుకోండి. పాలలో వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమంటే ఈస్టు చచ్చిపోతుంది. ఇక్కడ మాత్రం పిండిని ఎనిమిది, పది నిమిషాలు బాగా పిసకాలి. రెండింతలు అయ్యేదాకా మూతపెట్టి ఉంచి, ఉండలు చేసి, మళ్లీ అరగంట వదిలి, 170 డిగ్రీల మీద ఆరేడు నిమిషాలు కాల్చాలి.

పిండి పొంగే సమయం ఊరిని బట్టి మారుతుంది. మే నెలలో చెన్నైలోనో బరంపురంలోనో ముప్పావు గంటలో పొంగే పిండికి, మార్గశిరంలో బెంగళూరు, హోసూరు వైపు రెండు గంటలు పట్టవచ్చు. ఇడ్లీ పిండి విషయంలో ఇది మన ఆడవాళ్లకు తెలిసిన సంగతే. గడియారం కాదు, పిండిని చూడాలి.

మన ఇంటి రుచికి మార్పులు

గోధుమ పిండితో: సగం మైదా, సగం గోధుమ పిండి వేసుకోవచ్చు. గోధుమ పిండి తడిని ఎక్కువ పీలుస్తుంది కాబట్టి రెండు చెంచాల పాలు అదనంగా పట్టవచ్చు. పూర్తిగా గోధుమ పిండితో చేస్తే ఉండలు గట్టిగా వస్తాయి, పిల్లలు పక్కన పెడతారు.

కొబ్బరి లౌజుతో: కొబ్బరి తురుము, బెల్లం కలిపి దగ్గరగా ఉడికించిన లౌజును శనగగింజంత కంటె కొంచెం పెద్దదిగా చేసి ఉండ మధ్యలో పెట్టండి. ఇదే పూర్ణం మహారాష్ట్రలో మోదకంలోకి, తమిళనాడులో కొళుక్కట్టైలోకి, ఒడిశాలో మండా పిఠాలోకి, కర్ణాటకలో కడుబులోకి వెళ్తుంది. కాబట్టి ఏ ఊరి మనవడికైనా ఈ రుచి పరిచయమే. లౌజు జారుగా ఉంటే బయటికి కారి బుట్టకు అంటుకుని మాడుతుంది.

పాకంతో: కాజానూ బాదుషానూ ముంచినట్టు ఈ ఉండలను పాకంలో ముంచి ఉంచకండి. నూనెలో వేగిన పొర ఉన్నది కాదు కాబట్టి పాకం పీల్చి మెత్తబడి చితికిపోతుంది. కావాలంటే వడ్డించేటప్పుడు పైన ఒక చెంచా బెల్లం పాకం పోసుకోవచ్చు.

మన పిండివంటల్లో దీనికి ఏవి నప్పుతాయి?

మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. యంత్రం ఉంది కదా, ఇక పండుగకు మూకుడు పెట్టనక్కర లేదా అని. జవాబు ముందు చెప్పిన సూత్రంలోనే ఉంది. గట్టి పిండి నప్పుతుంది, జారుడు పిండి నప్పదు.

కజ్జికాయలు నప్పుతాయి. కర్ణాటకలో కర్జికాయి, తమిళనాడులో సోమాసి, మహారాష్ట్రలో కరంజీ అనేవి ఇవే. పైన నెయ్యి రాసి 170 డిగ్రీల మీద పది, పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి కాలిస్తే బాగానే వస్తాయి. నూనెలో వేసినంత బుడగలు రావు, రుచి చెడదు.

బజ్జీలు, బూరెలు, మైసూరు బోండాలు, పునుగులు నప్పవు. జారుడు పిండి బుట్ట చిల్లుల్లోంచి కారిపోతుంది. గారెలు రూపు నిలిచినా పొడిబారతాయి. అరిసెలు నూనె లేక నెయ్యి అడిగే వంటే. కన్నడిగుల కజ్జాయ, తమిళుల అదిరసం, మహారాష్ట్రలోని అనారసె, ఒడిశాలోని అరిసా పిఠా అన్నీ దాని చుట్టాలే, ఏ రాష్ట్రంలోనూ దీన్ని వేడిగాలితో చేయరు. సంక్రాంతికి అరిసెలు మూకుడులోనే చేసుకుందాం, లెక్కపెట్టి తిందాం.

ఎయిర్ ఫ్రైయర్ లేని వారు

కేవలం ఈ ఉండల కోసం యంత్రం కొనవలసిన పని లేదు. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అదీ లేకపోతే గుంత పొంగణాల పెనం ఉండనే ఉంది. దాన్నే పడ్డు పెనమని, పణియారం చట్టి అని, అప్పే పాత్ర అని మన చుట్టుపక్కల పిలుస్తారు. గుంతకు పావు చెంచా నెయ్యి వేసి, ఉండ పెట్టి, మూతవేసి, సన్నని సెగ మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలు ఉంచితే చక్కగా పొంగుతాయి.

ఒంటికి ఎంత మేలు?

నూనెలో వేయించిన డోనట్ బరువులో సుమారు ఐదో వంతు కొవ్వే ఉంటుంది, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ. పై కొలతతో చేసిన మన ఉండల్లో నెయ్యి, పెరుగులోని వెన్న కలిపి సుమారు పదో వంతు. అంటే సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. ఉండ ఒక్కింటికి లెక్క వేస్తే దాదాపు 70 కిలో క్యాలరీలు, 3 గ్రాముల చక్కెర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం, విడిగా కలుపుకునే చక్కెర రోజు మొత్తం శక్తిలో పది శాతానికి మించకూడదు. అయిదు శాతానికి తగ్గిస్తే ఇంకా మంచిది. పెద్దవారికి ఈ అయిదు శాతం సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చిన్న చెంచాలు. అయిదు ఉండలు తింటే అందులో 15 గ్రాములు అయిపోయాయి. రెండు పూటల కాఫీలోని చక్కెర కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

మధుమేహం ఉన్న పెద్దలకు ప్రత్యేకంగా మనవి. నూనె లేదు కదా అని నాలుగు తినేయకండి. మీకు ఇబ్బంది చేసేది నూనె ఒక్కటే కాదు, మైదా కూడా ఒంట్లో చక్కెరగా మారేదే. చక్కెర బదులు బెల్లం వేసినా రక్తంలో చక్కెర పెరుగుతుంది. పైపూత లేకుండా, భోజనంతో పాటు ఒకటో రెండో, అదీ మీ డాక్టరు మాట ప్రకారం. రక్తపోటు ఉన్నవారు బేకింగ్ పౌడర్‌లో కూడా సోడియం ఉంటుందని గుర్తుంచుకుని ఉప్పు మానేయవచ్చు.

ఈ పద్ధతిలో మరొక లాభం, కాగిన నూనె మిగలకపోవడం. పండుగ అయ్యాక మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడే అలవాటు మన ఇళ్లలో ఉంది. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో చెడు పదార్థాలు పెరుగుతాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే ఈ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వంటకు పనికిరాదు. ఈ నియమం 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కాబట్టి రంగు ముదిరి, చిక్కబడి, త్వరగా పొగ వచ్చే నూనెను వదిలేయడమే మేలు.

కరెంటు, భద్రత

పాత ఇళ్లలో ఉంటున్న వారు ఈ భాగం తప్పక చదవండి. చాలా ఎయిర్ ఫ్రైయర్లు 1,200 నుంచి 1,500 వాట్లవి, పెద్దవి ఇంకా ఎక్కువ. 1,500 వాట్ల యంత్రం 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మిక్సీకి, ఫ్యానుకు వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. కాబట్టి గీజరు, ఇస్త్రీపెట్టె స్థాయి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గులోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ తీగ వాడవద్దు. ప్లగ్గు వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

యంత్రం వెనుక జానెడు ఖాళీ ఉండాలి, వేడిగాలి బయటికి వచ్చేది అటునుంచే. బుట్టలో బేకింగ్ కాగితం వేస్తే దాని మీద ఉండల బరువు ఉండాలి. ఖాళీ కాగితం ఎగిరి పైనున్న తీగకు అంటుకుని కాలుతుంది. బుట్టను ఇనుప పీచుతో తోమకూడదు, మెత్తని స్పాంజి చాలు. పిల్లలు ఉండలు చుట్టవచ్చు, చక్కెరలో దొర్లించవచ్చు. బుట్ట లాగడం మాత్రం పెద్దల పని.

ఖర్చు సంగతి. రెండు వాయిలకు, ముందు వేడిచేయడంతో కలిపి పాతిక నిమిషాలు పడుతుంది. 1,500 వాట్ల యంత్రానికి ఎంత ఎక్కువ వేసినా ముప్పాతిక యూనిట్ దాటదు.

తేడా వస్తే కారణం ఏమిటి?

లోపల పచ్చిగా, పైన నల్లగా ఉంటే వేడి ఎక్కువైంది, లేదా ఉండ పెద్దదైంది. 160 డిగ్రీలకు తగ్గించి సమయం పెంచండి.
రాయిలా గట్టిగా ఉంటే పిండి ఎక్కువ పిసికారు, లేదా ఎక్కువసేపు కాల్చారు.
పొంగకపోతే బేకింగ్ పౌడర్ పాతది, లేదా పిండి చాలాసేపు నానింది.
పాలిపోయి ఉంటే నెయ్యి రాయడం తక్కువైంది.
కింద అంటుకుంటే బుట్టకు నెయ్యి రాయలేదు, లేదా పెరుగులో నీరు మిగిలింది.
చక్కెర కరిగి తడిగా అయితే గాలిలో తేమ ఎక్కువ. చెన్నై, ముంబయి, యానాం, ఒడిశా తీరం వారు తినే ముందే చక్కెర అద్దుకోవాలి.

నిల్వ

చేసిన రోజే తినడం మంచిది. మిగిలితే చక్కెర అద్దకుండా, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే మరుసటి రోజుకు ఉంటాయి. 150 డిగ్రీల మీద రెండు మూడు నిమిషాలు వేడిచేసి, అప్పుడు నెయ్యి, చక్కెర పట్టించండి. కొబ్బరి లౌజు పెట్టినవి మిగిలితే ఫ్రిజ్‌లోనే ఉంచాలి, కొబ్బరి త్వరగా పాడవుతుంది.

పిల్లలతో చేయించండి

మన పిల్లల్లో చాలామంది బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో, ఇంగ్లీషో చదువుతున్నారు. తెలుగు చదవడం, రాయడం నేర్చుకునే అవకాశం వారికి తక్కువ. మాట మాత్రం ఇంట్లో మిగిలింది, అందులోనూ వంటగదిలో ఎక్కువ మిగిలింది. జల్లించు, పిసుకు, మూటకట్టు, దొర్లించు, వాయి, పాకం, చిటికెడు, జానెడు వంటి మాటలు పుస్తకం పట్టుకుని నేర్పితే రావు. పని చేస్తుంటే వస్తాయి. పిల్లలకు ఇష్టమైన తీపి కాబట్టి పిలవకుండానే వస్తారు. అవ్వ అని పిలిచినా, జేజి అన్నా, మామ్మ అన్నా, అమ్మమ్మ అన్నా, ఆ పెద్దావిడ పక్కన నిలబడి ఉండలు చుట్టే అరగంటలో పది తెలుగు మాటలు చేతికి అంటుకుంటాయి.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. పై కొలతలను మీ పిల్లల చేతే తెలుగు అక్షరాల్లో రాయించండి. అక్షరాలు రాని పిల్లలకు మీరు రాసి, వారిచేత దిద్దించండి. మీ యంత్రానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరికి ఎన్ని ఉండలు, ఏ తేదీన చేశారు అన్నది కూడా అందులో రాయించండి. తరువాత కజ్జికాయలు, ఆ తరువాత అరిసెలు, సున్నుండలు ఆ పుస్తకంలో చేరతాయి. ఇక ఈ కొలతకు వచ్చేవి 20 ఉండలు. ఆరుగురు ఉన్న ఇంట్లో తలకు మూడు చొప్పున పంచితే రెండు మిగులుతాయి. ఆ రెండూ చుట్టిన పిల్లలవి.